గీతల ల్యాప్‌టాప్: కొందామా, వద్దా?

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఆఫీసు గదికి ఒక పాత ల్యాప్‌టాప్ కొనాలన్న ప్రతిపాదన రెండు నెలలుగా నలుగుతోంది. దాన్ని స్వయంగా చూసి వచ్చి సభకు నివేదించమని కార్యవర్గం వారు నాకు పురమాయించారు. ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు తెలిసిన పద్ధతి ఫైలు మీద నోటు పెట్టడమే. అవసరమేమిటి, వస్తువు ఎలా ఉంది, ఖర్చెంత, సిఫారసు ఏమిటి అన్న వరుసలోనే మనవి చేస్తాను.

ముందుగా అవసరం. లైఫ్ సర్టిఫికెట్ల కోసమైతే ల్యాప్‌టాప్ అక్కర్లేదు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. 2021 నుంచి ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపించి కూడా ఆ పని చేసుకునే వీలు కలిగింది. మన గదికి వచ్చే అసలు కష్టం వేరు. ఫ్యామిలీ పెన్షను దరఖాస్తులు, పేరులో తప్పుల సవరణలు, ఆదాయపు పన్ను రిటర్నులు. ఆయన పోయిన రెండో నెలలో, కాగితాల సంచీ పట్టుకుని రెండు బస్సులు మారి వచ్చే సోదరీమణులు మనకు కొత్త కాదు. దరఖాస్తు సగంలో ఉండగా తెర నల్లబడితే ఆవిడ మళ్లీ రెండు బస్సులు ఎక్కాలి. పింఛను మరో వారం వెనక్కి పోతుంది. కాబట్టి మనకు కావలసింది వేగం కాదు, నడిమధ్యలో ఆగిపోని యంత్రం.

ఇక వస్తువు సంగతి. అది 2012 నాటి మోడలు. అడిగిన ధర 7,000 రూపాయలు. కీబోర్డు బాగుంది, పైన గీతలు కూడా లేవు. ఉన్న గీతలన్నీ తెర లోపలే! నిలువుగా రంగు చారలు వస్తున్నాయి, ఒక్కోసారి బొమ్మ బిగుసుకుపోతోంది. “గీతలే కదండీ, పనికేం అడ్డం?” అన్నాడు అమ్మే కుర్రాడు. నాతో వచ్చిన మన సభ్యుని కుమారుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. అతను మూడు పరీక్షలు చేశాడు. ఇవి మీ ఇళ్లలోనూ పనికొస్తాయి, గుర్తుంచుకోండి.

ఒకటి, స్విచ్ వేయగానే, విండోస్ మొదలు కాకముందు, కంపెనీ గుర్తు కనబడుతుంది. అక్కడే చారలు ఉంటే సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ఇక్కడ అప్పుడే ఉన్నాయి. రెండు, మూత మెల్లగా ముందుకూ వెనక్కూ వంచాలి. చారలు మారుతుంటే, తెరకు వెళ్లే కేబులు మీద అనుమానం. ఇక్కడ మారలేదు. మూడు, హెచ్.డి.ఎం.ఐ. తీగతో టీవీకి తగిలించాలి. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంటే జబ్బు తెరలోనో కేబులులోనో ఉన్నట్టు. టీవీలోనూ చారలు వస్తే జబ్బు లోపల ఉన్నట్టు. ఇక్కడ టీవీలోనూ వచ్చాయి. ర్యాము మార్చి చూసినా పోలేదు. మదర్ బోర్డుకు అతికించి ఉన్న గ్రాఫిక్స్ చిప్పే దెబ్బతిన్నదని తేలింది.

ఈ చిప్ బొమ్మను తయారుచేసి తెరకు పంపుతుంది. పని చేస్తే వేడెక్కుతుంది, ఆపితే చల్లారుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగేసరికి దాని అడుగున ఉన్న సన్నని అతుకులు బీటలు వారతాయి. పెద్ద కంపెనీలకే ఈ బెడద తప్పలేదు. 2008 జులైలో ఎన్విడియా వారు ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల్లో లోపం వల్ల 15 నుంచి 20 కోట్ల డాలర్ల భారం పడుతుందని ప్రకటించారు. 2011 నుంచి 2013 దాకా అమ్మిన కొన్ని మ్యాక్‌బుక్ ప్రోలకు ఇలాంటి వీడియో జబ్బు వస్తే, 2015 ఫిబ్రవరిలో ఆపిల్ వారు ఉచిత మరమ్మతు పథకం పెట్టారు. ఆ గడువు ఎప్పుడో ముగిసింది.

“చిప్‌ను వేడి చేసి ఇస్తాం, 2,500 అవుతుంది” అన్నారు దుకాణంలో. వేడి చేస్తే అతుకులు తాత్కాలికంగా కలుస్తాయి, యంత్రం కొన్నాళ్లు నడుస్తుంది. ఎన్నాళ్లన్నది ఎవరూ రాసివ్వరు. నేను అడిగాను, వాళ్లూ రాసివ్వలేదు.

ఇప్పుడు ఖర్చు. మన ఆఫీసుల్లో మరమ్మతు అంచనా వస్తువు విలువను మించితే నిరుపయోగమని రాసి వేలానికి పెట్టేవాళ్లం. ఇక్కడ 7,000కు 2,500 కలిపితే 9,500 అవుతుంది. అంత పెట్టినా ఆ యంత్రం విండోస్ 11కు అర్హం కాదు. దానికి ఇంటెల్‌లో అయితే 8వ తరం లేదా ఆ పైది ఉండాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పదిమంది పింఛను వివరాలు, పాస్‌వర్డులు కొట్టే యంత్రానికి ఇది చిన్న విషయం కాదు.

ఒక చట్టం ముక్క కూడా చెప్పాలి. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షను ప్రకారం, కొనేవాడు వస్తువును పరీక్షించి కొంటే, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపాల విషయంలో నాణ్యత హామీ వర్తించదు. చారలు మనం కళ్లారా చూశాం. రేపు వినియోగదారుల కమిషనుకు వెళ్లి మొరపెట్టుకుంటే, చూసే కొన్నారు కదా అంటారు. మళ్లీ అమ్ముదామంటే సామెత ఉండనే ఉంది: కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి.

కోశాధికారి గారి మాటనూ నేను తోసిపుచ్చను. నిధిలో ఉన్నది తక్కువ. అదే బజారులో గీతలు లేని 8వ తరం పాత ల్యాప్‌టాప్‌కు, ఆరు నెలల రాతపూర్వక గ్యారంటీతో, 16,000 చెప్పారు. తేడా చాలానే ఉంది. కానీ ఆ 9,500 కూడా సభ్యుల చందాయే. అది మూణ్ణెల్లలో మూలపడితే ఇంకో చందా అడిగే ముఖం మనకుండదు.

కనుక నా సిఫారసు: దీన్ని కొనవద్దు, ధర సగానికి తగ్గించినా వద్దు. 16,000 సమకూరేదాకా ఆగుదాం. మీ ఇళ్లలో మనవళ్లకు కొనేటప్పుడు టీవీ పరీక్షలో బొమ్మ శుభ్రంగా వస్తే భయపడనక్కర్లేదు. తెర, కేబులు మార్చుకోదగినవే. మార్చే ఖర్చు ముందే కనుక్కుని, అంత మేర ధర తగ్గించమనండి. గంటసేపు వీడియో నడిపించి చూడండి. సీరియల్ నంబరు వేసిన రసీదు లేకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి.

అప్పటిదాకా వచ్చేవారి పని ఆగకూడదు. మంగళ, శుక్రవారాల్లో దరఖాస్తులున్న వారిని మీసేవ కేంద్రానికో, నెట్ సెంటరుకో నేను వెంటబెట్టుకుని వెళతాను. ఇంకొక్కరు తోడు వస్తే మిగతా రోజులూ గడుస్తాయి. ఎవరు వస్తారో ఈ సభలోనే పేరు ఇవ్వవలసిందిగా కోరుతూ, తీర్మానాన్ని అధ్యక్షుల వారికి వదిలి సెలవు తీసుకుంటున్నాను.