మొదటిసారి హిమము మీదికి: ఖర్చు లెక్క

(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన యువకులు కొందరు మంచుకొండల మీద స్కీయింగ్ నేర్వవలెనని ఉబలాటపడుచున్నారు. వారి తండ్రులు మా అంగడికి వచ్చి, "ఇది లక్షలతో పని గదా, మీరైన మందలించరాదా?" అని అడుగుచున్నారు. మందలించుటకు ముందు లెక్క చూచుట వర్తకుని ధర్మము. చూచితిమి. స్విట్జర్లాండు పోవలసిన పనిలేదు. మన హిమాలయములలోనే గుల్‌మర్గ్, ఔలీ, మనాలి చెంతనున్న సోలంగ్ లోయ కలవు. కాశ్మీరమనిన జంకువారు తక్కిన రెంటిలో ఒకదానికి పోవచ్చును.

ఖర్చు పెరుగుట గాని తరుగుట గాని, పోవు చోటును బట్టి కంటె నేర్చుకొను పద్ధతిని బట్టి యుండును. విహారయాత్రకు పోయినవాడు గదికి వేరుగ, స్కీ పలకలకు వేరుగ, బూట్లకు వేరుగ, నేర్పువానికి వేరుగ గంటల లెక్కన చెల్లించును. సాయంకాలమునకు సంచి ఖాళీ. అబ్బిన విద్య పడి లేచుట మాత్రమే. ప్రభుత్వ సంస్థల శిక్షణ అట్టిది కాదు. మనాలిలో అటల్ బిహారీ వాజపేయి పేరిటి పర్వతారోహణ సంస్థయు, గుల్‌మర్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖవారి సంస్థయు, ఔలీలో గఢ్‌వాల్ మండల్ వికాస్ నిగమ్ వారును చలికాలమున తరగతులు నడుపుదురు. వసతి, భోజనము, పరికరములు, బోధన సాధారణముగ ఒకే రుసుములో చేరియుండును. ఏవేవి చేరినవో ముందే వ్రాతపూర్వకముగ తెప్పించుకొనుడు. రుసుము ఏటేట మారును గనుక అంకె చెప్పము.

వారము దినములకు తక్కువ నేర్చుట డబ్బు దండుగ. మొదట దెబ్బ తగులకుండ పడుటయే నేర్పుదురు. పిమ్మట పలకల ముందు కొనలు దగ్గరగ చేర్చి, మడమలు ఎడముగ నుంచి వేగము తగ్గించుట. ఈ రెండును ఒంటబట్టువరకు గుల్‌మర్గ్ తీగబండి ఎక్కి అఫర్వత్ శిఖరమునుండి జారవలెనను కోరిక వలదు. అది 3,900 మీటర్లకు పైబడిన చోటు. అచ్చటినుండి జారుట ఆరితేరినవారి పని.

బట్టల వర్తకులము గనుక ఒక మాట. ప్రత్తి బనీను పనికిరాదు. చెమటకు తడిసి ఆరదు, చలి ఎముకల కెక్కును. లోపల ఉన్ని, పైన నీరు దిగని కోటు ఉండవలెను. పలకలు, బూట్లు కొనవలదు. చేతితొడుగులు, నల్ల కళ్లద్దములు మాత్రము సొంతవి చాలును. హిమము మీద తిరిగి కొట్టు యెండ కన్నులకు చేటు. ఇవి మా అంగడిలో అమ్మము గనుక నిస్సంకోచముగ చెప్పగలుగుచున్నాము.

ప్రయాణమునకు రైలే చౌక. ఢిల్లీ చేరి, మనాలికి రాత్రి బస్సు ఎక్కవచ్చును. 2025 జూన్ నుండి కాట్రా, శ్రీనగరుల నడుమ రైలు నడుచుచున్నది. శ్రీనగరునుండి గుల్‌మర్గ్ సుమారు 50 కిలోమీటర్లు. ఔలీకి దిగువనున్న జోషిమఠము, మన శృంగేరి వలెనే శంకరుల పీఠము గల ఊరు. అచ్చట 2023 జనవరిలో నేల క్రుంగి ఇండ్లు బీటలు వారగా తీగమార్గము ఆపివేసిరి. ఔలీకి పోవువారు రోడ్డునే నమ్ముకొనుట మేలు.

ఈ బేరములో మన చేతిలో లేని సరుకు మంచు. 2024 జనవరిలో గుల్‌మర్గ్ మంచు లేక వెలవెలబోయినది. 2025 ఫిబ్రవరిలో అచ్చట జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదాపడినవి. కనుక డిసెంబరు సెలవులు నమ్ముకొని పోరాదు. జనవరి చివరినుండి ఫిబ్రవరి నెల మేలు. కొంత ప్రియమైనను, రద్దు చేసినచో డబ్బు తిరిగివచ్చు టికెట్టే కొనవలెను. భీమాపత్రము సాహసక్రీడలను మినహాయించినదేమో చదివి చూడుడు. పెక్కింటిలో ఆ షరతు చిన్న అక్షరములలో నుండును.

ఇక ఆడపిల్లల మాట. కుమారుని పంపెదము, కుమార్తెను పంపము అని ఇద్దరు తండ్రులు మాతో ననిరి. మన పొరుగు కొడగు సీమలో పొగమంచే గాని హిమము పడదు. ఆ సీమ బిడ్డ భవానీ తెక్కడ నంజుండ 2024 ఫిబ్రవరిలో గుల్‌మర్గ్‌లో కర్ణాటకమునకు స్వర్ణపతకములు గెలిచినది. మనాలి పిల్ల ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యము గెలిచి, స్కీయింగ్‌లో మన దేశమునకు మొదటి అంతర్జాతీయ పతకము తెచ్చినది. వారిని కన్నవారికి భయము లేకుండెనా? పలువురు కలిసి, ఒకే తరగతిలో చేరి, పెద్దవారొకరు తోడుగ పోయినచో ఆ తండ్రులిద్దరును ఏమందురో మేము వినగోరుచున్నాము.

వైద్యుని ధ్రువపత్రము అడుగుదురు గనుక ముందుగనే పరీక్ష చేయించుకొనుడు. లాల్‌బాగు బండ ఎక్కి దిగుట నేటినుండియే మొదలిడుడు. మోకాళ్లకు బలము కావలెను. పేర్లీయదలచిన వారు, ఆడపిల్లల పేర్లతో సహా, విజయదశమిలోపల కార్యదర్శి గారికి తెలుపగలరు. సీట్లు నిండకముందే దరఖాస్తులు పంపవలసియున్నది.