ఆగిన చోటే చూడాలి

కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 పొద్దున చక్కగా స్టార్టవుతుంది. ఎండలో కొంతదూరం వెళ్లాక ఠక్కున ఆగుతుంది. చల్లారాక మళ్లీ కదులుతుంది. మెకానిక్ దగ్గరికెళ్తే ఏ లోపమూ కనిపించదు. అందుకే ఆగిన చోటే, వేడి తగ్గకముందే చూడాలి.

అందనిది పెట్రోలా, స్పార్కా? ముందు తేలాల్సింది అదే. తాళం ఆపేసి, ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, ఎవరినైనా యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కమనండి. దగ్గర్లో సిగరెట్, నిప్పు ఉండకూడదు సుమా! కార్బురేటర్ గొంతులోకి పెట్రోలు సన్నటి ధారగా చిమ్మితే అక్కడిదాకా అందుతున్నట్టే. అప్పుడు నా అనుమానం ఇగ్నిషన్ కాయిల్ మీదే. వేడెక్కితే లోపలి తీగచుట్టలో కనెక్షన్ తెగి, చల్లారితే మళ్లీ కలిసే కాయిల్స్ ఉంటాయి. మూత బిగించాకే స్పార్క్ పరీక్ష చేయించండి.

ధార రాకపోతే పెట్రోలు ఫిల్టర్ పూడుకుపోయిందేమో, పంపు బలహీనపడిందేమో చూడాలి. వేసవిలోనైతే పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడి ఉండొచ్చు.

అసలు సెల్ఫే తిరక్కుండా టక్కుమంటోందా? బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి పొడి పేరుకుందేమో చూడండి. శుభ్రంచేసి బిగించి చూడకుండా కొత్త బ్యాటరీ కొనకండి.