ముగింపు నిల్వ ఒక్కటే చూస్తే చాలదు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. కార్యదర్శిగారి అనుమతితో ఈ రోజు వేరే సంగతి తీసుకున్నాను. మన నర్సీపట్నం చుట్టుపక్కల ఎన్నో ఇళ్లలోని పిల్లలు పరవాడలోనో, అచ్యుతాపురంలోనో, నక్కపల్లిలోనో రసాయన, మందుల కర్మాగారాల్లో షిఫ్టు డ్యూటీలు చేస్తున్నారు. రాత్రి షిఫ్టుకు వెళ్లినవాడు తెల్లవారి గుమ్మం ఎక్కేదాకా ఇంట్లో పెద్దవాళ్లకు కంటిమీద కునుకు ఉండదు. అందుచేత కర్మాగారంలో ఒక ట్యాంకు గంటగంటకూ ఎలా మారుతుందో, దాన్ని ముందుగా ఎలా లెక్కకడతారో నాకు అర్థమైనంత మేరకు మనవి చేస్తాను.

నేను గుమాస్తాను గాని ఇంజనీరును కాను. కెమికల్ ఇంజనీరింగు చదివిన మా మనవడు ఒకసారి కాగితం మీద ఒక సమీకరణం రాసి చూపించాడు. "లోపలికి వచ్చిన వేడి, లోపలే పుట్టిన వేడి కలిపి, బయటికి పోయిన వేడి తీసేస్తే మిగిలిందే నిల్వ. ఇంతే తాతయ్యా" అన్నాడు. "ఇది మన క్యాష్ బుక్కే కదరా!" అన్నాను. ప్రారంభ నిల్వ, జమ, ఖర్చు, ముగింపు నిల్వ. మనం రోజుకొకసారి పుస్తకం ముగించేవాళ్లం. వాళ్లు కంప్యూటరు మీద నిమిషానికో, సెకనుకో ముగిస్తారు. ఈ నిమిషపు ముగింపు నిల్వే వచ్చే నిమిషపు ప్రారంభ నిల్వ. అలా ముందుకు రాసుకుంటూ పోతే రేపు తెల్లవారుజామున ట్యాంకు వేడి ఎంత ఉంటుందో ఈ రోజు సాయంత్రమే చెప్పవచ్చు. దీన్నే ప్రక్రియల గతిశీల నమూనా అంటారు.

అయితే మన పుస్తకానికీ, వాళ్ల పుస్తకానికీ ఒక తేడా ఉంది. మన జమ ఎవరో తెచ్చి కడితేనే వస్తుంది. రసాయన చర్యలో జమ దానంతటదే పెరుగుతుంది. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఇంకా వేడి పుడుతుంది. చక్రవడ్డీ లాంటిది. ఈ సంబంధాన్ని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్హీనియస్ 1889లో సూత్రీకరించాడు. చాలా చర్యల వేగం 10 డిగ్రీలకు ఒకసారి దాదాపు రెట్టింపవుతుంది. బయటికి పోయే వేడి మాత్రం వరుస లెక్కన పెరుగుతుంది.

ఉదాహరణ కోసం ఒక లెక్క చూడండి. 10 డిగ్రీలకొక మెట్టు చొప్పున పుట్టే వేడి 1, 2, 4, 8, 16 అనుకుందాం. పోయే వేడి 3, 5, 7, 9, 11 అనుకుందాం. మొదటి నాలుగు మెట్లలోనూ ఖర్చే ఎక్కువ, అంటే ట్యాంకు చల్లబడుతుంది. అయిదో మెట్టులో జమ 16, ఖర్చు 11. వేసవి ఎండో, చల్లబరిచే యంత్రం ఆగడమో దాన్ని అక్కడిదాకా నెట్టిందంటే, ఆపైన నెట్టేవారు అక్కరలేదు. సోవియట్ శాస్త్రజ్ఞుడు సెమెనోవ్ 1928లో ఈ సంగతినే సిద్ధాంతంగా చెప్పాడు. ఆయనకు 1956లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మన కళ్లెదుట జరిగిన సంగతికి వస్తాను. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. అప్పటికి మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. కర్మాగారం ఆగి ఉంది. కాని ట్యాంకులో సుమారు 1,800 టన్నుల స్టైరీన్ ఊరకే లేదు. దాని అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి ప్లాస్టిక్‌గా మారే గుణం కలవి. ముడిపడినప్పుడల్లా వేడి పుడుతుంది. మామూలుగా 60 డిగ్రీల దగ్గర గంటకు నూటికి పదోవంతు మాత్రమే మారే ఈ ద్రవం, 100 డిగ్రీల దగ్గర గంటకు నూటికి రెండు వంతులు మారుతుంది. అంటే ఇరవై రెట్ల వేగం. 145 డిగ్రీలకు మరుగుతుంది.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ 2020 జూలైలో నివేదిక ఇచ్చింది. అందులోని కొన్ని అంశాలు మన గుమాస్తాల భాషలో చెబుతాను.

ఒకటి: వేడి కొలిచే సాధనం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది. చల్లని ద్రవం అడుగున, వేడి ద్రవం పైన పొరలుగా నిలిచాయి. అడుగున అంకె బాగానే ఉంది, పైన పాకం ముదిరిపోతోంది. ఖజానాపెట్టెలో ఒక్క అర తెరిచి చూసి, మొత్తం సరిపోయిందని సంతకం పెట్టినట్టు.

రెండు: ద్రవం బాగా కలిసే గొట్టాల ఏర్పాటును 2019 డిసెంబరులో మార్చారు. ఆపైన కలవడం తగ్గింది. పద్దు మార్చినప్పుడు లెక్క మళ్లీ మొదటి నుంచి వేయాలి గదా!

మూడు: స్టైరీన్ ముడిపడకుండా ఆపే టి.బి.సి. అనే మందు కొద్ది పాళ్లలో కలుపుతారు. అది రోజూ కొంచెం కొంచెం ఖర్చవుతూ ఉంటుంది. అది పనిచేయడానికి ద్రవంలో కాస్త ప్రాణవాయువు కూడా కరిగి ఉండాలి. ఇది స్టోర్సు రిజిస్టరు లాంటిది. ఖర్చు రాసుకుంటూ జమ లేకపోతే ఒకరోజు నిల్వ సున్నా. అక్కడ మందు తగినంత లేదని కమిటీ తేల్చింది. ప్రమాద సమయంలో సైరన్ కూడా మోగించలేదు.

మన అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండే మనిషిని చూసే ఉంటారు. పెనం పక్క నుంచి కదలడు. పాకం ఇప్పుడు ఎలా ఉందన్నది మాత్రమే కాదు, ఎటు పోతోంది, ఎంత వేగంగా పోతోంది, మంట ఎప్పుడు తగ్గించాలి అన్నది అతని చూపు. కొలిమి లాగేసినా పెనం వేడి కాసేపు పనిచేస్తూనే ఉంటుందని అతనికి తెలుసు. గతిశీల నమూనా చేసేది ఆ చూపునే లెక్కలో పెట్టడం. 1,800 టన్నుల ట్యాంకు పక్కన నిలబడి పాకం పట్టి చూడటం కుదరదు కదా!

అయితే కంప్యూటరు లెక్క వేదవాక్కు కాదు. తప్పుడు వోచరు ఎక్కిస్తే తప్పుడు నిల్వే వస్తుంది. కొలతలు నిజమై ఉండాలి, పైనా మధ్యా కిందా ఉండాలి, చూసే మనిషి ఉండాలి. సెలవు రోజున కూడా.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక మందుల కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. దాని కారణం వేరు, ద్రావకం ఆవిరి వల్ల జరిగింది. కాని రెండు చోట్లా పోయింది మనలాంటి ఇళ్లవాళ్లే.

కాబట్టి మన పిల్లలు పండగకు వచ్చినప్పుడు జీతం ఎంత, ప్రమోషను ఎప్పుడు అని అడిగే మనం ఇంకో మూడు ప్రశ్నలు కూడా అడుగుదాం. "మీ ట్యాంకు వేడి ఎన్నిచోట్ల కొలుస్తారు? కరెంటుగాని, చల్లబరిచే యంత్రంగాని ఆగితే మీకు ఎన్ని గంటల వ్యవధి ఉంటుంది? ఆ లెక్క చివరిసారి ఎప్పుడు వేశారు?" రెండో ప్రశ్నకు జవాబు తెలిసినవాడికి పరుగెత్తే సమయమూ, పదిమందిని లేపే సమయమూ తెలిసినట్టే. తెలియకపోతే పై అధికారిని అడిగే ధైర్యం వాళ్లకు మనమే ఇవ్వాలి. ఆడిటుకు జవాబు చెప్పి చెప్పి తల నెరిసినవాళ్లం, ప్రశ్న విలువ మనకు ఎవరూ నేర్పనక్కరలేదు.