మారథాను పరుగు: కడపటి పండ్రెండు కిలోమీటర్లు
(పరిటాల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

ఉదయమునుండి పెద్దలు విద్యానిధినిగూర్చియు, వివాహవ్యయములనుగూర్చియు చక్కగా ప్రసంగించి యున్నారు. మాకు నిర్ణయింపబడిన విషయము దేహబలమునకు సంబంధించినది. అది మారథాను పరుగు. అందును దాని కడపటి భాగము. ఇది వినోదమునకై యెన్నుకొన్న విషయము కాదు. తెల్లవారకమునుపే రహదారి యంచున పరుగెత్తు మన పిల్లలను మీరందరును చూచుచునే యున్నారు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకును, సైన్యప్రవేశమునకును 1,600 మీటర్ల పరుగు పరీక్ష కలదు. ఆ పరీక్షకై అలవాటు చేసినవారిలో కొందరికి హైదరాబాదు, విశాఖపట్టణములయందు ఏటేటా జరుగు మారథానులపై ఆశ పుట్టుచున్నది. సంతోషమే. కాని 1,600 మీటర్లకు చాలిన ధైర్యము 42 కిలోమీటర్లకు చాలదు. ఈ భేదమును మనవి చేయుటకే మేము మీ యెదుట నిలిచితిమి.

మారథాను దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1908 సంవత్సరపు లండను ఒలింపిక్ క్రీడలలో ఈ కొలత యేర్పడి, 1921లో స్థిరపడినది. సంఖ్య చెప్పిన మాత్రమున దూరము మనసున కెక్కదు గనుక మన త్రోవనే కొలిచి చూతము. ఒకడు విజయవాడయందు బయలుదేరి, గొల్లపూడి, ఇబ్రహీంపట్నము, మూలపాడు దాటి పడమరగా వచ్చెననుకొందము. 2003లో ఇచ్చట నెలకొల్పబడిన 135 అడుగుల ఆంజనేయవిగ్రహము కంటబడునప్పటికి రమారమి 30 కిలోమీటర్లు గడచును. అటుపిమ్మట కంచికచర్ల దాటి, నందిగామ చేరకమునుపే పరుగు ముగియును. చూచువారి లెక్కలో మూడింట రెండుపాళ్లు దాటినట్లే. పరుగెత్తువారి లెక్క వేరు. సగము పరుగు పరిటాలయొద్దనే మిగిలియున్నదని వారందురు.

ఇట్లేల యగును? మన కండరములలోను, కాలేయములోను చక్కెరవంటి పదార్థమొకటి నిలువయుండును. దానిని గ్లైకోజెన్ అందురు. బాగుగా తిన్న మనుష్యునియందు ఆ నిలువ స్థూలముగా 2,000 కేలరీల శక్తి నీయగలదు. 60 కిలోల బరువుగలవాడు ఒక్క కిలోమీటరు పరుగెత్తుటకు రమారమి 60 కేలరీలు వ్యయమగును. ముప్పది కిలోమీటర్లకు 1,800. గాదె యడుగంటుట యెచ్చటనో మీరే లెక్కింపవచ్చును. దేహమున కొవ్వు సమృద్ధిగానే యుండును గాని, అది నెమ్మదిగా మండును, వేగమున కందిరాదు. అందుచేతనే అప్పటివరకు గుఱ్ఱమువలె వచ్చినవాని కాళ్లు ఒక్కసారిగా బరువెక్కును, అడుగు కుదించుకొనిపోవును, ఏల వచ్చితినన్న నిస్పృహ కలుగును. ఇది పిరికితనము కాదు, ఆకలి. ఈ యాకలిని తిట్టి జయింపలేము.

మరి జయించు విధమేమి? కడపటి 12 కిలోమీటర్లు మొదటి 30 కిలోమీటర్లలోనే గెలువబడును. ఇదియే మా యుపన్యాససారము. 2023లో చికాగో నగరమున కెన్యాదేశీయుడు కెల్విన్ కిప్టమ్ 2 గంటల 35 సెకనులలో ఈ దూరమును ముగించెను. మొదటి సగమునకు 60 నిమిషముల 48 సెకనులు, రెండవ సగమునకు 59 నిమిషముల 47 సెకనులు పట్టినవి. జగమెరిగిన వేగశాలియే మొదట చేయి బిగబట్టెను. మన పిల్లలో, మొదటి అయిదు కిలోమీటర్లు ప్రక్కవానిని దాటుటకే వ్యయపరచుదురు. మొదట మితముగా పరుగెత్తుట యొకటి. ఆకలి తెలియకమునుపే, మొదటి గంటనుండియే, బెల్లపు పానకమో, అరటిపండో, ఖర్జూరమో కొంచెము కొంచెముగా పుచ్చుకొనుట రెండవది. వారమున కొకసారి దీర్ఘముగా పరుగెత్తి, ఆ దూరమును నెలలతరబడి క్రమముగా పెంచుట మూడవది. జాంబవంతుడు హనుమంతునికి ఆతని బలమును జ్ఞప్తిచేసినది సముద్రతీరమున, లంఘనమునకు ముందు, నడిసముద్రమున కాదు. ఆ క్రమమును మనము మరువరాదు.

ఇంత సిద్ధపడినను కష్టము రాకమానదు. అప్పుడు మిగిలిన దూరమంతయు తలపోయరాదు. ఎదుటి వంతెనవరకు, ఆ పిమ్మట వేపచెట్టువరకు అని భాగించుకొనవలెను. ఒక నిమిషము నడచి మరల పరుగెత్తుట అవమానము కాదు. తోడొకడుండిన భారము తగ్గును. అలసటలో కొంత మెదడు కల్పించునదియు కలదు. తీపినీటిని పుక్కిలించి యుమిసినంతమాత్రముననే వ్యాయామశక్తి కొంత పెరిగినట్లు శాస్త్రజ్ఞులు పరీక్షించి తెలిసికొనిరి. కనుక కాళ్లు నొచ్చుచున్నవని మనసు మొరపెట్టిన ప్రతిపర్యాయమును ఆగనక్కరలేదు.

అయితే ఆగవలసిన సమయమును కలదు. దీనిని తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలెను. 1912 జూలై 14న స్టాక్‌హోమ్ నగరమున ఒలింపిక్ మారథాను మండుటెండలో జరిగెను. బయలుదేరిన 68 మందిలో రమారమి సగముమందియే గమ్యము చేరిరి. పోర్చుగలు దేశపు వడ్రంగి ఫ్రాన్సిస్కో లాజారో 30వ కిలోమీటరు ప్రాంతమున కూలి, మరునాడు మరణించెను. ఎండకు కాపుగా దేహమునకు మైనము పూసికొనుటచే చెమట వెలువడలేదని చెప్పుదురు. ఆ పరుగులోనే జపానుదేశపు షిజో కనకురి వడదెబ్బకు సొమ్మసిల్లి, మార్గమధ్యమున నొక యింట సేదదీరి, పరుగు మానుకొనెను. సిగ్గుపడి యెవరికిని చెప్పక స్వదేశము చేరెను. కాని ఆతడు బ్రదికెను. మరి రెండు ఒలింపిక్ క్రీడలలో పరుగెత్తెను. 1920లో ఆరంభమైన హకోనె దూరపు పరుగునకు మూలపురుషులలో నొకడయ్యెను. 1967లో స్టాక్‌హోమువారు పిలిపింపగా, విడిచిన పరుగును ముగించెను. మొత్తము కాలము 54 సంవత్సరముల 8 మాసముల 6 దినముల 5 గంటల 32 నిమిషముల 20 సెకనులు. ఆగినవాడు మరల పరుగెత్తగలడు.

మన మెట్టప్రాంతమున మే మాసపు వేడి 40 డిగ్రీలు దాటును. కావున గుర్తులు చెప్పుచున్నాము. రొమ్మునొప్పి, అడుగు తడబడుట, మాట తొట్రుపడుట, ఎండలో చలి పుట్టుట, అడిగిన ప్రశ్నకు పొంతనలేని యుత్తరమిచ్చుట: వీనిలో నేది కనబడినను పరుగు ఆపింపవలెను. వడదెబ్బ తగిలినవానిని నీడకు చేర్చి, వెంటనే చల్లని నీటితో దేహమంతయు తడుపవలెను. ఆసుపత్రికి కబురుపెట్టవలెను గాని, బండి వచ్చువరకు చల్లార్చుట మానరాదు. నీరు త్రాగుటయందును మితము కావలెను. 2002లో బోస్టన్ మారథానునందు పరీక్షింపబడిన 488 మందిలో నూటికి 13 మందికి రక్తమున ఉప్పు తగ్గియుండెను. అతిగా నీరు త్రాగుటయే అందుకు ముఖ్యకారణము. దాహము మేరకు త్రాగుట క్షేమము.

ఇక మన బాధ్యత. 1908లో లండను క్రీడారంగమున ఇటలీవాడు డొరాండో పియెత్రి మొట్టమొదట ప్రవేశించి, గమ్యము కంటి యెదుటనే పలుమారులు పడెను. జాలిగొన్నవారు లేవనెత్తి దాటించిరి. ఆ సాయము కారణముననే ఆతనికి బహుమానము దక్కలేదు. మన పిల్లలకు గమ్యమువద్ద చేయూత యక్కరలేదు, బయలుదేరకమునుపే కావలెను. ప్రాణము పోయినను ఆగకుమని మనము గట్టున నిలిచి కేకలు వేయుదుము. ఆ కేక మానుదము. రహదారిపై లారీల నడుమ కాక, పరుగెత్తుటకు చదును చేసిన స్థలమొకటి చూపుదము. దూరపు పరుగునకు పోవువారిని ముందుగా వైద్యునిచేత పరీక్ష చేయింతము. ఈ మూడును మన సంఘమునకు శక్తికి మించిన పనులు కావు.

ఈ యూరివారికి కడపటి దూరపు బరువు క్రొత్త కాదు. 1947 ఆగస్టు 15న చుట్టుపట్ల కృష్ణాజిల్లా గ్రామములకు స్వాతంత్ర్యము వచ్చెను. నైజాము ఏలుబడిలో ద్వీపమువలె నున్న పరిటాలకు రాలేదు. ప్రజలు తామే స్వతంత్రమును ప్రకటించుకొనిరి. పరిటాల రిపబ్లిక్ అను పేరట్లు వచ్చినది. నైజాము లొంగిపోయినది 1948 సెప్టెంబరు 17న. దేశమంతయు గమ్యము చేరినదని సంతోషించుచుండగా వీరికి 13 మాసముల త్రోవ మిగిలియుండెను. దానిని ఒంటరిగా నొకడు నడువలేదు. గ్రామమంతయు కూడి నడచెను.

మన పిల్లలను గూడ ఆ కడపటి త్రోవన ఒంటరిగా విడువకుందము.