ఒకే సినిమా, రెండుసార్లు అమ్మకం

మీరొక హాలీవుడ్ సినిమా డీవీడీ కొన్నారు. అందులో సినిమా తప్ప ఇంకేమీ లేదు. కొన్ని నెలలకే అదే సినిమా మళ్లీ వచ్చింది. ఈసారి అదనపు సన్నివేశాలు, తెర వెనుక కబుర్లు కూడా ఉన్నాయి. మరి అవన్నీ మొదటే ఎందుకివ్వలేదు?

ఒక కారణం, ప్రచారం. థియేటర్ సందడి జనం మరిచిపోకముందే డిస్కు అంగట్లో ఉండాలి. ఆలస్యమైతే ఆ ప్రచారమంతా మళ్లీ మొదలుపెట్టాలి.

రెండో కారణం, పని. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదటి భాగాన్నే చూడండి. 2002 ఆగస్టులో మామూలు డీవీడీ వచ్చింది. నవంబరులో, దాదాపు అరగంట ఎక్కువ నిడివితో మరొకటి వచ్చింది. ఆ కొత్త సన్నివేశాలకు గ్రాఫిక్స్ చేయాలి, సంగీతం కూర్చాలి. అదంతా ఒక్కరోజులో అయ్యే పని కాదు.

ఇక మూడోది, అసలైనది, వ్యాపారం. మామూలు ప్రేక్షకుడు ఒకటి కొంటాడు. వీరాభిమాని రెండూ కొంటాడు. 'అవతార్' 2010 ఏప్రిల్‌లో ఒట్టి సినిమాగానే వచ్చింది. హంగులన్నీ నవంబరులో వచ్చాయి.

ఇది మోసమా? ముందే చెబితే కాదు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' వాళ్లు రెండూ వస్తాయని ముందే ప్రకటించారు. చెప్పకుండా అమ్మితేనే కొన్నవాడికి ఒళ్లు మండుతుంది.

కాబట్టి గుర్తుంచుకోండి. ప్రచారం, పని, వ్యాపారం, ఇవే మూడు కారణాలు. కథ చూస్తే చాలనుకుంటే మొదటిదే కొనండి. దాచుకోవాలనుకుంటే కాస్త ఆగండి. ఆగినవారికి ఒక్క ఖర్చే.