పాత ఇంటికి కొనేవాళ్లు కావాలి

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చారు. "ఇంజనీరువి కదా, బిల్డింగుల గురించి ఏదైనా మాట్లాడు" అన్నారు. బిల్డింగుల గురించే మాట్లాడతాను. కాకపోతే కట్టడం గురించి కాదు, కూల్చకుండా ఉంచడం గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే ఒక ఇంటిని అమ్మిపెట్టే పని మీద వచ్చాను. కమీషను లేదు. భోజనాల ముందు ఇలాంటి మాట ఎత్తడం బాగుండదని తెలుసు. కానీ ఇన్ని వందలమంది మనవాళ్లు ఒక్కచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతారు?

ఆ ఇల్లు భీమిలిలో ఉంది. బీచ్ రోడ్డుకు వెనక వీధి. మేడ ఇల్లు, ముందు గుండ్రటి స్తంభాల వరండా, కింది గోడలు రెండడుగుల మందం, మొత్తం 1,100 గజాల స్థలం. ఊళ్లో దాన్ని డచ్చి బంగళా అంటారు. నిజానికి కాదు. డచ్చివాళ్లు 17వ శతాబ్దంలో వచ్చి భీమిలిలో వర్తకం చేసినమాట నిజమే. మన పెద్దలు వాళ్లను వలందావాళ్లు అనేవారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లింది. ఈ ఇంటివాళ్ల దగ్గరున్న మొదటి దస్తావేజు 1890ల నాటిది. భీమిలి మునిసిపాలిటీ 1861లో ఏర్పడింది. ఆ తర్వాత రేవు వ్యాపారం బాగా సాగిన రోజుల్లో మన తెలుగు షావుకారు ఒకాయన కట్టుకున్న ఇల్లు ఇది. డచ్చి అని రాస్తే ఎక్కువమంది వస్తారని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను రాయలేదు. ఇల్లు ఉన్నదున్నట్టు చెప్పినా చాలు.

ఇప్పుడు దానికి ఏడుగురు వారసులు. ఒకరు మన బడిలోనే చదివారు, పేరు చెప్పను. ఇద్దరు విశాఖపట్నంలో, ఇద్దరు హైదరాబాదులో, ముగ్గురు అమెరికాలో ఉంటున్నారు. మామ్మగారు పోయాక తాళం పడింది. ఒక బిల్డరు వచ్చి డెవలప్‌మెంటుకు ఇమ్మన్నాడు. వాళ్లు ఒప్పుకుంటే నేను తప్పు పట్టను. కురిసే ఇంటికి ఏటా పన్ను కట్టి, రిపేర్లు చేయించి, జ్ఞాపకాల కోసం నిలబెట్టండి అని బయటినుంచి చెప్పడం సులువు. వాళ్లు నాతో ఒక్కటే మాట అన్నారు: "అన్నయ్యా, ఇంటిని ఇంటిలాగే ఉంచి కొనేవాడిని చూపించు, రేటు కొంచెం తగ్గినా ఇస్తాం. ఉగాది దాకా ఆగుతాం."

అప్పటినుంచి కొనేవాడి కోసం తిరుగుతున్నాను. ఈ తిరుగుడులో తెలిసినవి మీకూ పనికొస్తాయని చెబుతున్నాను. మీలో చాలామంది ఊళ్లలో ఇలాంటి ఇళ్లకు తాళాలు పడే ఉంటాయి.

మొదటి సంగతి, పాత ఇంటిని మెచ్చుకునేవాళ్లు వేలమంది ఉంటారు. ఫొటో పెడితే చాలు, "అయ్యో, కాపాడాలి" అంటారు. అందులో ఉండేవాడు, వాడుకునేవాడు వెయ్యికొకడు ఉంటాడు. ఆ ఒక్కడిని వెతకడమే పని. ఇది ఇతర దేశాల్లో ఎప్పటినుంచో పద్ధతిగా జరుగుతోంది. ఇంగ్లండులో పాత కట్టడాల రక్షణకు 1877లో విలియం మోరిస్ ఒక సంఘం పెట్టాడు. 1975లో సేవ్ బ్రిటన్స్ హెరిటేజ్ అనే మరో సంస్థ వచ్చింది. ఈ సంస్థ ఖాళీగా పడి ఉన్న ఇళ్ల, మిల్లుల, చర్చీల జాబితాలు అచ్చువేసి, వీటిని వాడుకునేవాళ్లు రండి అని పిలుస్తుంది. పెళ్లి సంబంధాల పేరయ్య చేసే పనే ఇది.

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో ఈడెంటన్ అని చిన్న ఊరు ఉంది. అక్కడ నూలు మిల్లు 1995లో మూతపడింది. యాజమాన్యం మిల్లునూ, పక్కనే యాభైకి పైగా ఉన్న కార్మికుల ఇళ్లనూ ప్రిజర్వేషన్ నార్త్ కరోలినా అనే స్వచ్ఛంద సంస్థకు దానం చేసింది. ఆ సంస్థ వాటిని మ్యూజియం చెయ్యలేదు. ఒక్కో ఇంటినీ విడివిడిగా అమ్మకానికి పెట్టింది. బయటి రూపు మార్చకూడదు, కూల్చకూడదు అనే షరతులను దస్తావేజులోనే రాయించింది. జనం కొన్నారు, బాగుచేసుకున్నారు, కాపురాలు పెట్టారు. మిల్లు భవనం కూడా నివాసాలైంది. ఇది చదివినప్పుడు నాకు ఏది గుర్తొచ్చి ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. చిట్టివలస జ్యూట్ మిల్లు సైరనే కదా మన చిన్నప్పటి గడియారం. 2009లో అది లాకౌట్ అయ్యాక ఎన్ని ఇళ్లలో పొయ్యి చల్లబడిందో ఈ హాల్లో ఉన్నవాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అక్కడ కార్మికుల బకాయిల తర్వాతే ఇటుకల మాట ఎత్తాలి, కాదనను. అయినా మూతపడ్డ మిల్లంటే స్క్రాపు ఒక్కటే కాదని ఎక్కడో ఒకచోట రుజువైందని మనకు తెలిసి ఉండటం మంచిది.

సరే, అక్కడి పద్ధతినే ఇక్కడ పెడదామని లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన నవ్వారు. మన 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 11వ సెక్షను చదివి వినిపించారు. ఆస్తిని పూర్తి హక్కులతో అమ్మేశాక ఇలాగే వాడుకో, అలాగే ఉంచు అని షరతు పెడితే, కొన్నవాడు దాన్ని పక్కన పెట్టెయ్యవచ్చు. అమ్మినవాడికి పక్కనే ఇంకో స్థలం ఉండి, దాని సౌకర్యం కోసం పెట్టిన షరతైతే వేరే సంగతి. కాబట్టి 'కూల్చరాదు' అని సేల్ డీడులో ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా మనకు పెద్ద భరోసా లేదు. మిగిలినవి రెండు దారులు. కొనేవాడి అవసరం ఆ ఇంటికి సరిపోయి ఉండాలి. లేదా అమ్మకుండా దీర్ఘకాలం లీజుకివ్వాలి. లీజులో షరతు నిలుస్తుంది.

లీజు అంటే తక్కువగా చూడకండి. హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్ అలా నిలిచిందే. ఏళ్ల తరబడి మూసి ఉన్న ప్యాలెస్‌ను నిజాం కుటుంబం తాజ్ హోటళ్లవారికి లీజుకిస్తే, దాదాపు పదేళ్లు బాగుచేసి 2010 నవంబరులో తెరిచారు. ప్యాలెస్ సంగతి మనకెందుకు అంటారేమో, చిన్నవీ ఉన్నాయి. తమిళనాడులో తరంగంబాడి మన భీమిలికి అక్కలాంటి ఊరు. అక్కడ డచ్చివాళ్లకు బదులు డేన్‌లు. 1620లో వచ్చారు, 1845లో ఊరిని ఇంగ్లీషువాళ్లకు అమ్మేశారు. అక్కడ సముద్రం ఒడ్డునున్న పాత కలెక్టరు బంగళాను నీమ్రానా సంస్థ కొద్ది గదుల హోటలు చేసింది. ఈ సంస్థ మొదలైంది రాజస్థాన్‌లో ఒక పాడుబడ్డ కోటతో. ఇద్దరు మిత్రులు 1986లో కొని, 1991లో కొన్ని గదులతో తెరిచారు. మొత్తం కోట బాగయ్యాక తెరుద్దామని కూర్చోలేదు. బాగైన గదుల ఆదాయంతో మిగతావి బాగుచేసుకుంటూ పోయారు. ఈ లెక్క నాకు బాగా నచ్చింది.

ప్రభుత్వం చూసుకోదా అని అడుగుతారు. చూసుకున్నా సరే, పోగొట్టినా సరే, జాబితా ఉండాలి. హైదరాబాదులో హెరిటేజ్ కట్టడాలకు నిబంధన ఉండేది, 2015లో తీసేశారు. 2019లో ఇర్రం మంజిల్‌ను కూల్చి కొత్త అసెంబ్లీ కట్టాలనుకుంటే హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. అన్నట్టు ఆ ప్యాలెస్‌లో ఎన్నో ఏళ్లు నడిచింది మా ఇంజనీర్ల ఆఫీసే! మన ఆంధ్రలో హెరిటేజ్ కట్టడాన్ని నిలబెట్టి వాడుకునే యజమానికి టీడీఆర్ ఇవ్వవచ్చని భవన నిబంధనల్లో ఉంది. అంటే ఇక్కడ కట్టుకోని అంతస్తుల హక్కును వేరేచోట వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ముందుగా ఇల్లు హెరిటేజ్ అని నమోదు కావాలి. మన ఇల్లు కాలేదు. ఉగాదిలోపు అవుతుందని నేను అనుకోవడం లేదు.

ఇక నా వృత్తి సంగతి. కొనడానికి వచ్చినవాడు అడిగే మొదటి ప్రశ్న "ఇది పడిపోదు కదా?" వెంట తెచ్చుకున్న కాంట్రాక్టరు "పడిపోతుంది సార్, కొట్టేసి కట్టుకోండి" అంటాడు. పాపం, అతనికి తెలిసింది కాంక్రీటు. పాత గోడ గానుగ సున్నంతో కట్టింది. సున్నం తేమను పీలుస్తుంది, వదులుతుంది. ముప్పై ఏళ్ల కింద ఎవరో దీనికి లోపలా బయటా సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. అప్పటినుంచి తేమ బయటికి పోయే దారి లేదు. సముద్రపు ఉప్పు ఇటుకలో పేరుకుని పొట్టుగా రాలుతోంది. చూసేవాడికి గోడ కుళ్లిపోయినట్టు ఉంటుంది. నేను నాలుగు చోట్ల ప్లాస్టరు తీయించి చూశాను. ఒక అంగుళం లోపల ఇటుక గట్టిగా ఉంది. సిమెంటు ఊడగొట్టి, గోడను ఆరనిచ్చి, మళ్లీ సున్నం పూస్తే సరిపోతుంది. ఆరడానికి ఒక వేసవి పడుతుంది. తొందరపడితే పాడవుతుంది.

పైకప్పు మద్రాస్ టెర్రస్. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో పోసినది. పదిహేడు దూలాల్లో మూడింటి కొనలు గోడలోకి వెళ్లే చోట చెదపట్టాయి. మూడే. వాటికి ఉక్కు తగిలించవచ్చు, లేదా కొత్త టేకు అతకవచ్చు. మెట్లు మాత్రం పూర్తిగా పోయాయి.

ఇవన్నీ నాలుగు పేజీల్లో రాశాను. కొలతలతో ప్లాను, ఏది బాగుంది, ఏది పోయింది, ముందు ఏం చెయ్యాలి, ఎంతవుతుంది, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఏడుగురి సమ్మతి పత్రం, సీఆర్‌జెడ్ పరిధి సంగతి కూడా. తీరం నుంచి 500 మీటర్ల లోపు కొత్తది కట్టాలంటే ఎన్ని తంటాలో తెలిసినవాడికి, నిలిచి ఉన్న ఇల్లు విలువైనదే. ఈ నాలుగు పేజీలు లేనప్పుడు వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్లిపోయేవారు. ఇవి చేతిలో పెట్టాక కూర్చుని మాట్లాడుతున్నారు.

ఇప్పటికి నలుగురు వచ్చారు. ఒక డాక్టరుగారు నర్సింగ్ హోమ్ పెడదామనుకున్నారు, లిఫ్టు పెట్టే చోటు కుదరలేదు. మంచిదే అయింది, ఆ గోడలకు అన్ని పైపులు బోర్లు పడితే ఇల్లు మిగలదు. రిసార్టు ఆయన ఒకరు ముందు వరండా ఉంచి వెనక అయిదంతస్తులు వేస్తానన్నారు. దానికి నేనే వద్దన్నాను. ఒక జంట, మన బడి వాళ్లే, రిటైరయ్యాక వచ్చి కింద ఉండి, పైన నాలుగు గదులు అద్దెకిద్దామని ఆలోచిస్తున్నారు. వాళ్లకు ధరలో సగం దాకా ఉంది. నాలుగో ఆయన సంగీత పాఠశాలకు లీజు అడిగారు, అద్దె దగ్గర ఆగింది.

నాకు తోస్తున్నది, ఈ రెండింటినీ కలపవచ్చు. కింద కాపురం, వెనక వసారాలో పాఠశాల. ఇంకో ఇద్దరు ముగ్గురు వాటాదారులు దొరికితే లెక్క కుదురుతుంది. ఉగాదికి ఇంకా పదకొండు వారాలుంది.

ఆ నాలుగు పేజీల నకళ్లు రిజిస్ట్రేషను టేబులు దగ్గర పెట్టాను. తీసుకోండి, మీకు అక్కర్లేకపోయినా అక్కర ఉన్నవాడికి ఇవ్వండి. ఇల్లు చూడాలనుకుంటే మా బ్యాచ్‌లో ఎవరినైనా అడగండి, నా నంబరు ఇస్తారు. ఆదివారాలు ఉదయం నేను అక్కడే ఉంటాను. తాళంచెవి పక్కింటివాళ్ల దగ్గర ఉంటుంది. వచ్చేవాళ్లు మెట్లు మాత్రం ఎక్కకండి. మేడ చూడాలంటే నిచ్చెన వేయిస్తాను.