బ్యాంకు కూలినప్పుడు

1906 అక్టోబరు 22న మద్రాసులో అర్బత్నాటు కంపెనీ యను బ్యాంకు చెల్లింపులు నిలిపివేసినది. దొరల కంపెనీ గదా యని నమ్మి జీవితకాలపు పొదుపును అందు దాచుకొన్న వేలమంది వీధిన పడిరి. లండనులోని భాగస్వామి మాక్‌ఫాడియన్ సట్టా వ్యాపారములో సొమ్ము పోగొట్టి, అంతకు రెండు దినముల ముందే రైలుక్రింద పడి మరణించెను. మద్రాసులోని సర్ జార్జి అర్బత్నాటు ఎంత పలుకుబడి గలవాడైనను, మోసము రుజువై 18 మాసముల కఠినశిక్ష అతనికి తప్పలేదు. పరాయి పాలనలో ఒక దొరకు పడిన శిక్ష యిది!

నూరేండ్లు గడచినవి. 2008 సెప్టెంబరు 15న అమెరికాలో లేమన్ బ్రదర్స్ 61 వేల కోట్ల డాలర్లకు మించిన అప్పులతో కూలినది. త్రైమాసిక లెక్కలు చూపునపుడు సుమారు 5 వేల కోట్ల డాలర్ల పద్దులను ఆ సంస్థ తాత్కాలికముగా తప్పించినదని 2010 నాటి విచారణ నివేదిక బయటపెట్టినది. దాని అధిపతి రిచర్డ్ ఫుల్డ్‌పై నేరారోపణ మాత్రము జరుగలేదు.